గవరమ్మకు పోటొచ్చిందట

గవరమ్మ ఒంట్లో ఒక్క జబ్బూ లేదు. ఉన్నదల్లా నోరు. ఆ నోటితోనే పద్నాలుగు వానాకాలాలుగా అండమాన్‌లో మాయాబందర్ అవతలి క్రీకుల్లో, అంటే ఉప్పునీటి పాయల్లో, అటవీశాఖ వాళ్ల నాట్లు నడిపిస్తోంది. ఏటా వానలు పడేముందు బీట్ ఆఫీసు నుంచి కబురొస్తుంది. తొమ్మిదిమంది ఆడవాళ్లను వెంటేసుకుని వెళ్తుంది. నాలుగు నెలలు ఉప్పు బురదలో మడ మొక్కలు నాటించి ఇంటికొస్తుంది. అలా పని చేయించే మనిషిని మేట్ అంటారు. మెడలో ఈల మేట్‌కు తప్ప ఇంకెవరికీ ఉండదు. ఒకసారి ఊదితే పని ఆపాలి. రెండుసార్లు ఊదితే మొసలి భయమని అర్థం, చేతిలో ఏముంటే అది పారేసి గట్టెక్కాలి. ఇన్నేళ్లలో తన మనుషుల్లో ఒక్కరికి కాలివేలు కూడా పోలేదని గవరమ్మ అడిగినవాళ్లకూ చెబుతుంది, అడగనివాళ్లకూ చెబుతుంది.

ఆ ఏడు కొత్తగా వచ్చిన ఫారెస్టరు చంద్రమౌళి. ఇరవై ఆరేళ్లవాడు. పుట్టిందీ పెరిగిందీ పోర్ట్ బ్లెయిర్‌లో, డైరీ ఫార్మ్ అనే పేటలో. తాత సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చిన తెలుగువాడే గానీ, తండ్రి ఆఫీసు ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆ ఇంట్లో వల ముట్టినవాళ్లు లేరు. పిల్లవాడు మంచివాడు. బూట్లు విప్పేసి వట్టికాళ్లతో బురదలో దిగుతాడు, ఆడవాళ్లను కసరడు. లోపమల్లా ఒక్కటే. అతని తెలుగు వంటింటి తెలుగు. అన్నం, చారు, పండగ, తలనొప్పి వరకూ వస్తుంది. గుమ్మం దాటితే హిందీ.

గవరమ్మకు హిందీ రాదా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. భయ్యా, దీదీ అంటూ బజారంతా గెలుచుకొస్తుంది. కానీ తెలుగువాడి బిడ్డతో హిందీ మాట్లాడటానికి ఆమెకు నామోషీ.

"ఆంటీ, హిందీలో చెప్పండి, నాకు ఈజీ," అన్నాడు మొదటి రోజే చంద్రమౌళి.

"నీకు ఈజీ అవుతాదని మీ తాతని అవమానించమంటావా బాబూ? తెలుగులోనే సెప్తాను, తెలుగులోనే ఇను," అంది గవరమ్మ.

ఆ దెబ్బకు భయపడి, అర్థమైనా కాకపోయినా "హాఁ ఆంటీ" అనడం మరిగాడు. తంటా అంతా అక్కడే పుట్టింది.

ఆ ఏడు నాటాల్సినవి మూడువేల మొక్కలు. మడకాయలు ఏరుకొచ్చి సంచుల్లో గుచ్చిన రోజునుంచీ నర్సరీలో వాటిని సాకింది గవరమ్మే. ఎండకు కొబ్బరాకులు కప్పింది, పీతలు కొరక్కుండా చుట్టూ పాతవల కట్టింది. కన్నపిల్లలకు కూడా అంత చాకిరీ చెయ్యలేదని ఆమె పిల్లలే అంటారు.

శుక్రవారం పెద్దాఫీసరు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. అప్పటికి క్రీకు మూతి దగ్గర పల్లంలో నాట్లు కనబడాలి. మంగళవారం సాయంత్రం చంద్రమౌళి వచ్చి, రేపు తెల్లారి అయిదింటికల్లా పల్లంలో దిగాలన్నాడు.

"రేపు కుదరదు బాబూ. పోటు ఎక్కువ," అంది గవరమ్మ.

సముద్రపు నీరు ఎక్కి రావడం పోటు, దిగి పోవడం పాటు. అమావాస్యకూ పున్నమికీ, ఆ తర్వాత రెండు మూడు రోజులూ పోటుకు ఒళ్లు తెలియదు. అష్టమి నవములకు సాధువైపోతుంది. అప్పుడు నాటితే మొక్క వారం పాటు బురదను పట్టుకుని నిలదొక్కుకుంటుంది. చేపలవాళ్ల ఇళ్లలో ఈ ముక్క చంటిపిల్లకు కూడా తెలుసు. చంద్రమౌళికి మాత్రం తెలిసిన పోట్లు రెండే. వాళ్ల నాయనమ్మకు వచ్చే తలపోటు ఒకటి, కడుపుపోటు ఒకటి.

మొహం జాలిగా పెట్టి అడిగాడు. "ఎప్పటినుంచి ఆంటీ?"

"నిన్నట్నుంచే. అమావాస్య గదా. రేపు ఇంకా బలంగా వస్తాది."

"ప్రతి అమావాస్యకీ వస్తుందా?"

"అమావాస్యకీ వస్తాది, పున్నానికీ వస్తాది. కొత్తేటి? నా సిన్నప్పట్నుంచీ సూస్తన్నాను."

"మందు ఏమీ..."

"మందుకి ఆగే పోటేటి బాబూ అది? అదే వస్తాది, అదే పోతాది. అష్టమికి తగ్గిపోతాది. అప్పుడు పాటు సూసుకుని దిగుదాం."

"పాటు?" అన్నాడు అయోమయంగా. "ఎవరితో పాటు?"

"నీ తలకాయతో పాటు," అని గొణుక్కుని, పైకి మాత్రం, "అందరం కలిసే," అంది గవరమ్మ.

"సరే ఆంటీ. మీరు టెన్షన్ పెట్టుకోకండి. సాబ్‌తో నేను మాట్లాడతాను," అని ఫోను తీసుకుని అవతలికి వెళ్లాడు.

పిల్లవాడికి ఇన్నాళ్లకు బుర్ర వెలిగిందని గవరమ్మ సంతోషపడింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకమని ఆమెకు అప్పటికింకా తెలియదు.

తెల్లవారి నర్సరీలో మొక్కలు చూసుకుందామని వచ్చేసరికి జీపు సిద్ధంగా ఉంది. డ్రైవరు జోగులు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కండి ఆంటీ. సాబ్ ఎదురుచూస్తున్నారు. అంతా ఆయనకే వివరంగా చెప్పండి," అన్నాడు చంద్రమౌళి. జోగులు చేతిలో ఒక చీటీ పెట్టాడు. "ఈల ఇలా ఇచ్చెయ్యండి, బరువెందుకు," అని గవరమ్మవైపు చెయ్యి చాపాడు.

పెద్దాఫీసరు తననే పిలిపించుకున్నాడనుకుంది గవరమ్మ. పోటు సంగతి తన నోటితోనే వింటాడన్నమాట, చదువుకున్నవాళ్లలో ఒకడికైనా ఇంగితం ఉంది అనుకుని, ఈల తీసి ఇచ్చేసి, కొప్పు సరిచేసుకుని దర్జాగా ముందు సీట్లో కూర్చుంది.

జీపు వెళ్లి ఆస్పత్రి ముందు ఆగింది.

"ఇక్కడేటి పని?" అంది గవరమ్మ.

"నాకేటి తెలుసు? డాక్టరు సాబ్‌కి సూపించమన్నారు," అన్నాడు జోగులు.

లోపల ప్రమోద అనే తెలుగు నర్సు ఆ చీటీ అందుకుని, హిందీలో ఉన్నది తెలుగు చేసి చదివింది. మేట్ గవరమ్మకు అమావాస్యకూ పున్నమికీ తీవ్రమైన నొప్పి, చిన్నతనం నుంచీ ఉంది, మందులకు లొంగదు. అష్టమి వరకూ సెలవు. అప్పటిదాకా మేట్‌గా జట్టులోని అప్పలకొండ. వచ్చే ఏడునుంచి ఈమె పనికి తగునో తగదో డాక్టరుగారు రాసి పంపవలెను.

గవరమ్మ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నొప్పి ఎక్కడమ్మా?" అని హిందీలో అడిగాడు డాక్టరు.

"మా సారు సెవిలో," అంది తెలుగులో. ప్రమోద నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది.

డాక్టరు బీపీ చూశాడు. ఎందుకుండదు, ఆకాశాన్నంటింది. గంటసేపు పడుకోబెట్టి మళ్లీ చూస్తానన్నాడు.

"ఇది బీపీ కాదమ్మా, కోపం. పనికి తగునని రాసేసి ఇవ్వమను, నాను పోతాను," అంది గవరమ్మ.

"ఇంత బీపీతో తగునని ఎలా రాస్తారు పెద్దమ్మా? ఒక్క గంట పడుకో. తగ్గితే రాయిద్దాం. రాయించుకోకుండా వెళ్తే నీకే నష్టం గదా," అంది ప్రమోద.

గోడ మీద గడియారం ఏడు చూపిస్తోంది. తెల్లవారుజామున అయిదుకు పాటు అయిపోయి నీరు మళ్లింది. పదకొండుకు నిండుపోటు. ఎనిమిదికల్లా పల్లంలో పారాడుతుంది. అక్కడ అప్పలకొండ మూడువేల మొక్కల్నీ గుచ్చుకుంటూ పోతూ ఉంటుంది. పడుకుంటే కాగితం వస్తుంది, మొక్కలు పోతాయి. లేస్తే మొక్కలు దక్కవచ్చు, వచ్చే వానాకాలం కబురు రాకపోవచ్చు. బురదలో నిలబడి పదిమందిని అదిలించడం తప్ప ఆమెకు ఇంకో ఠీవి లేదు. ఆ ఒక్కటీ పోతే ఇంట్లో కోడలు పెట్టింది తిని కూర్చోవాలి.

మంచం దిగి చెప్పులేసుకుంది. ప్రమోద ఆపలేక, బీపీ ఎంతుందో రాసిన ఆస్పత్రి చీటీ జోగులు చేతిలో పెట్టింది.

"పద జోగులూ."

జోగులు చేపలవాళ్ల బిడ్డే. సంగతి వినగానే స్టీరింగు మీద పడి నవ్వాడు.

"పోటంటే నొప్పనుకున్నాడా? ఓలమ్మో, ఆళ్ల తాత ఇంటే..."

"నవ్వితే నవ్వు గానీ కాలు మాత్రం గేరు మీంచి తియ్యకు," అంది గవరమ్మ. గేరు కాలితో వెయ్యరని చెప్పే ధైర్యం జోగులుకు లేకపోయింది.

క్రీకు దగ్గర అప్పటికి ఆరు వందల మొక్కలు పల్లంలో బారులు తీరి ఉన్నాయి. నీటి అంచు చివరి వరసను నాకుతోంది. తోటికోడలు అప్పలకొండ మెడలో ఈలతో గట్టుమీద నిలబడి ఉంది, పెళ్లికూతురిలా.

"నీకు తెలీదటే పోటు?" అని అడిగింది గవరమ్మ.

"తెలుసప్పా."

"మరి నోట్లో ఏటుంది?"

"సారు సెప్పారు గదా నీకు ఒంట్లో బాగోనేదని. కాదంటే నన్ను కూడా జీపెక్కిస్తారేమోనని," అంది అప్పలకొండ, ఈల చేత్తో కప్పుకుంటూ.

"అలగే. తాడు మెడలో పడింతర్వాత నోరెలా పెగులుతాది?"

చంద్రమౌళి బురదలోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఆంటీ, ఎందుకొచ్చారు? రెస్ట్ తీసుకోవాలి కదా."

గవరమ్మ అతని మణికట్టు పట్టుకుని చివరి వరస దాకా నడిపించి, "ఇక్కడ నిలబడు," అంది.

నిలబడ్డాడు. ఆమె పక్కనే నిలబడింది. నీళ్లు చీలమండలు దాటాయి. ముందు ఒక మొక్క తల ఊపింది, తర్వాత వేళ్లతో సహా పైకి లేచింది. దాని వెనక నాలుగు. ఆ నాలుగూ అతని పిక్కల మధ్యనుంచి తేలుకుంటూ పోయాయి.

"అరే," అన్నాడు చంద్రమౌళి. "జ్వార్. ఇది జ్వార్ కదా ఆంటీ."

"జ్వరం కూడా అంటగడతన్నావా నాకు? నాకు జ్వరం నేదు, నొప్పి నేదు, ఏటీ నేదు."

"జ్వరం కాదాంటీ, పానీ. పానీ చఢ్ రహా హై."

"అదే గదా పోటంటే."

పిల్లవాడి మొహం చూడాలి. నిన్నటి మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిరిగొచ్చి అతని నెత్తిన కూర్చున్నాయి. అంతా అయ్యాక మెల్లిగా ఒక్కమాటన్నాడు.

"పానీ అని చెప్పి ఉంటే సరిపోయేది కదా ఆంటీ. మీకు హిందీ వచ్చు కదా."

ఆ మాట నిజమే. నిజమైనందుకు గవరమ్మకు ఇంకా ఒళ్లు మండింది. అప్పలకొండ దగ్గరికి వెళ్లి, అడక్కుండానే మెడలోంచి ఈల లాక్కుని, "పీకండే అన్నీ. ఏళ్లు తెగకుండా మట్టితో లేపండి," అని కేకేసింది.

పది జతల చేతులు పల్లం మీద పడ్డాయి. చంద్రమౌళి కూడా వంగాడు. వాళ్లు ఒక వరస లేపేసరికి నీరు రెండు వరసలు ఎక్కుతోంది. జట్టులో తాతమ్మ అనే ఆవిడ గంపలు మోస్తోంది, అప్పలకొండ సిగ్గుకు అందరికన్నా ఎక్కువ లేపుతోంది. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. అడుగు కనబడనంత మురికిగా ఉన్నాయి. మొసళ్ల క్రీకులో మోకాలు దాటాక ఉండకూడదన్నది గవరమ్మ పెట్టిన కట్టుబాటు. ఇంకా నూటయాభై దాకా మొక్కలు నీళ్లలో ఉన్నాయి. ప్రతిదాన్నీ తన చేత్తో సంచిలో గుచ్చింది. ఒక్కసారి వాటికేసి చూసి, రెండుసార్లు ఈల ఊదింది.

ఆడవాళ్లందరూ గంపలు పట్టుకుని గట్టెక్కారు. చంద్రమౌళి మాత్రం తేలిపోతున్న నాలుగు మొక్కల వెంటబడి, క్రీకు మలుపు వైపు వెళ్తున్నాడు. నడుము దాకా దిగాడు.

"బాబూ, ఎనక్కి రా. పోనీ అవి. ఈల ఇనబడనేదా?"

వినిపించుకోలేదు. ఇంకో అడుగు వేశాడు.

"ఛోడ్ దో," అని అరిచింది గవరమ్మ. "మగర్ హై ఉధర్. ఊపర్ ఆవో, అభీ కే అభీ."

మొసలి అన్న మాట హిందీలో చెవిన పడగానే చేతిలో మొక్కలు అక్కడే వదిలేసి, తరిమినట్టు పరుగెత్తుకొచ్చాడు. గట్టెక్కి రొప్పుతూ ఆమెవైపు కొత్తగా చూశాడు. తెలుగువాడి బిడ్డతో ఆమె హిందీ మాట్లాడటం ఆడవాళ్లందరూ విన్నారు. తాతమ్మ ఏదో అనబోయింది గానీ గవరమ్మ చూసిన చూపుకు నోరు మూసేసింది.

శుక్రవారం పెద్దాఫీసరు వచ్చాడు. పల్లం అరిచెయ్యిలా నున్నగా ఉంది. నాట్లేవని అడిగాడు. మేట్‌కు ఒంట్లో బాగాలేక పని ఆగిందని చెప్పి చంద్రమౌళి తప్పించుకోవచ్చు, దానికి సాక్ష్యంగా ఆస్పత్రి చీటీ కూడా ఉంది. గవరమ్మ పళ్లు బిగించి ఆ మాట కోసమే ఎదురుచూసింది.

"తప్పు నాది సర్. మేట్ వద్దంది. నాకు ఆమె భాష అర్థం కాలేదు," అన్నాడు చంద్రమౌళి.

ఆఫీసరు ఆమెవైపు తిరిగాడు. గవరమ్మ గొంతు సవరించుకుంది. అమావాస్య నీరు ఎంత ఎత్తు వస్తుందో, అష్టమి నీరు ఎక్కడ ఆగుతుందో, మొక్కకు ఎన్నాళ్లు కావాలో, తప్పుల్లేని బజారు హిందీలో చెప్పింది. ఆయన అష్టమి దాకా ఆగమన్నాడు. చీటీ చూసి, వచ్చే ఏడు కూడా ఈమెనే పిలవండి, బీపీ మాత్రలు మాత్రం వేసుకోమనండి అన్నాడు.

అష్టమినాడు నాటిన మొక్కల్లో నూటికి తొంభై నిలిచాయి. మాత్రలు చేదుగా ఉన్నాయని గవరమ్మ రోజూ పొద్దున్న లోకాన్నంతా తిడుతుంది. నీళ్ల సంగతి, మొసళ్ల సంగతి మాత్రం చంద్రమౌళితో హిందీలో చెప్పడానికి ఒప్పుకుంది. మిగతాదంతా తెలుగే. అర్థం కాకపోతే హాఁ అనకుండా అడగమంది.

అడుగుతున్నాడు. అదే ఇప్పుడు ఆమె ప్రాణాల మీదికొచ్చింది. బురదలో వంగి వరస సరిచేస్తుంటే వెనకే నిలబడి, చేతిలో పుస్తకంతో, "ఆంటీ, ఇందాక అప్పలకొండ ఆంటీని 'సుద్ద మొద్దు' అన్నారు కదా. అది చెట్టు పేరా?" అన్నాడు.

"అవును బాబూ," అంది గవరమ్మ నడుము నిటారుగా చేసుకుంటూ. "ఈ క్రీకులో అదే ఎక్కువ. రాసుకో."