తోమిన తుపాకి

మార్కాపురంలో లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలో నేను మిస్త్రీగా పనిచేశాను. పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, పంచాయతీ ఎన్నికల కోడ్ నడుస్తున్న రోజుల్లో, దుకాణాన్ని ప్రభుత్వ తనిఖీకి సిద్ధం చేసే బాధ్యతను మా యజమాని బాషా భాయ్ నాకు అప్పగించారు. పదవీ విరమణ అనేది కొంచెం పెద్ద మాటే. చూపు తగ్గి స్క్రూకి బదులు నా వేలినే తిప్పుకుంటున్నానని భాయ్ ఇంటికి పంపించారు, అంతే. చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కల మాస్టారూ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయాం.

తుపాకుల దుకాణం అనగానే సినిమాలు చూసేవాళ్ళు ఏదేదో ఊహించుకుంటారు. మాది ఎరువుల కొట్టుకూ జిరాక్స్ కొట్టుకూ మధ్య ఇరుకు గది, దాని వెనక ఇనప తలుపున్న స్ట్రాంగ్ రూము. వచ్చేవాళ్ళు అడవి పందుల నుంచి చేను కాపాడుకునే రైతులు, బ్యాంకు కాపలా గార్డులు. రోజు మొత్తంలో మేం కాల్చేది బీడీలు మాత్రమే. అదీ తూటాలకు దూరంగా, రోడ్డు మీద నిలబడి.

ఎన్నికలొస్తే సందడి మొదలవుతుంది. కోడ్ రాగానే లైసెన్సుదారులు తమ ఆయుధాలను పోలీసు స్టేషన్లోనో, మాలాంటి దుకాణంలోనో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. స్ట్రాంగ్ రూములో తుపాకులు పెళ్ళికొచ్చిన చుట్టాల్లాగా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. అవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి డిప్యూటీ తహసీల్దారు వస్తారు, వెంట ఎస్సై. తూటాల లెక్క, తాళాలు, గోడకు బిగించిన గొలుసు, మంటలార్పే సిలిండరు గడువు, అన్నీ చూస్తారు. అసలు పరీక్ష మాత్రం నంబరు దగ్గర. తుపాకి మీద చెక్కిన నంబరును ఒకరు పైకి చదువుతారు, రెండోవారు లైసెన్సు పుస్తకంతో సరిచూస్తారు. నంబరు చెరిగిన తుపాకి చట్టం దృష్టిలో లైసెన్సు లేని తుపాకి. దాన్ని స్వాధీనం చేసుకుంటారు, యజమాని మీద కేసు పెడతారు, దాచినందుకు దుకాణం లైసెన్సూ ఊడుతుంది.

అందుకే తనిఖీకి ముందు నేను ప్రతి తుపాకినీ తుడిచి నంబరు మీద బలపం పొడి రుద్దుతాను. గాట్లలో తెల్ల పొడి నిలిచి అంకెలు పలక మీద రాసినట్టు కనిపిస్తాయి. బడిలో నాకు అచ్చిరాని బలపం ఇక్కడ అన్నం పెట్టింది.

కొండయ్య మామ తుపాకి దగ్గర బలపం అరిగింది గానీ అంకె రాలేదు. ఆయన కొమరోలు పక్క పల్లెటూరి రైతు. తండ్రి నుంచి వచ్చిన ఒంటిగొట్టం తుపాకి అది. గొట్టం మొదట్లో నంబరు ఉండాల్సిన చోట ఇనుము అద్దంలా మెరుస్తోంది. అందులో నా మొహం కనిపించింది, అంకె కనిపించలేదు. డిపాజిట్ల రద్దీలో భాయ్ తుపాకిని చూడకుండా లైసెన్సు పుస్తకంలోని నంబరే రసీదులో రాసేశారు.

భాయ్ కుర్చీలో కూలబడి గొంతు తగ్గించారు. “ఇనుము మీద అంకెలు కొట్టే పంచులు నీ దగ్గరుండాయి కదా యాకోబూ. కొట్టెయ్. ఎవురికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది భాయ్,” అన్నాను. “నా నోటి సంగతి నీకు తెలుసు.”

అనుమతి లేకుండా నంబరు కొట్టడం నంబరు చెరగడం కంటే పెద్ద నేరం. అది భాయ్‌కీ తెలుసు. భయంలో అన్న మాట. కొండయ్య మామకు ఫోన్ చేశాం.

మరుసటి రోజు మొదటి బస్సుకే దిగాడు, వెంట కోడలు ఓబులమ్మ. ఎలాగూ ఆయన వారం వారం వచ్చి తుపాకిని చూసి పోయేవాడు, హాస్టల్లో పిల్లను చూసినట్టు. విషయం చెబితే ఆయనకు అర్థం కాలేదు గానీ, ఓబులమ్మ మొహం మాడింది. ఏటా దసరాకు బొట్టు పెట్టే ముందు ఆ తుపాకిని బిందెతో పాటు చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమేది ఆమే. డిపాజిట్‌కు పంపేముందు ఇంకోసారి గట్టిగా తోమింది.

“టౌన్లో నలుగురి తుపాకుల మధ్యన పెడతారంటిరి. మురికిది పంపితే మా ఇంట్లో ఆడోళ్ళకు చేతుల్లేవనుకోరా?” అంది.

కాల్చి కాల్చి అరిగిన తుపాకులను చూశాను గానీ తోమి తోమి అరిగినదాన్ని చూడటం ఇదే మొదలన్నాను. “నవ్వబాక అన్నా” అంది. నవ్వు ఆపేశాను. కంది చేను కాపుకొచ్చింది, పందులు దిగుతున్నాయి. అంతకంటే ముఖ్యం, ఆ వయసులో ఆయన మీద ఆయుధాల కేసు.

ఒక దారి ఉంది. కొన్ని పాత ఫ్యాక్టరీ తుపాకులకు గొట్టం కిందుండే ముందు చెక్క విప్పితే, లోపల ఇనుము మీద అదే నంబరు ఇంకోసారి కొట్టి ఉంటుంది. అన్నిటికీ ఉండదు. డిపాజిట్‌లో ఉన్న ఆయుధాన్ని విప్పాలంటే యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొండయ్య మామ ఒప్పుకోలేదు.

“ఇప్పినంక మా నాయన తుపాకీనే మళ్ళా ఇస్తావని ఏంది గ్యారంటీ?”

“దీన్ని ఉంచుకుని కొత్తది ఇచ్చేంత పిచ్చోణ్ణి కాదు మామా.”

ఆయన నా వైపు కాకుండా కోడలి వైపు చూశాడు.

“తోమింది నేను,” అంది ఓబులమ్మ. “కేసు నీ మీదికొస్తే ఊర్లో నేను మొహమెట్ల చూపించేది? సంతకం పెట్టు మామా.”

పెట్టాడు. భాయ్ అప్పటికప్పుడే విప్పమన్నారు. లోపల నంబరుందో లేదో తెలిస్తే ఆ రాత్రి నిద్ర పడుతుందని ఆయన బాధ. నేను వద్దన్నాను. ఈరోజు విప్పితే రేపు స్క్రూ మీద కొత్త గీతలు కనిపిస్తాయి. నంబరు మేమే కొట్టామని అనుమానించడానికి అది చాలు. అధికారి కళ్ళ ముందే విప్పాలి. నంబరు లేకపోతే లేదని తేలేదీ అక్కడే. స్క్రూలకు చుక్క నూనె వేసి ఊరుకున్నాను.

ఇంకో తగవు, తనిఖీకి తుపాకులను వరసగా పేర్చే బల్ల మీద దాన్ని ఎక్కడ పెట్టాలని. భాయ్ చివర్లో పెడదామన్నారు. అప్పటికి అధికారులు అలిసిపోయి ఉంటారట. నేను మొదట్లో పెట్టాను.

మర్నాడు తనిఖీకి మామా కోడలూ కూడా వచ్చి నిలబడ్డారు. డిప్యూటీ తహసీల్దారు మేడమ్ బల్ల దగ్గరికి రాగానే, ఆమె చెయ్యి వెయ్యకముందే జరిగినదంతా చెప్పాను, రసీదు సంగతితో సహా. ఎస్సై గారు నున్నటి ఇనుము మీద బొటనవేలు ఆడించి, ఏం పెట్టి తోమావని ఓబులమ్మను అడిగారు. చింతపండు, ఇటుకపొడి, ఒక్కోసారి బూడిద అని ఆమె వంట చెప్పినట్టు చెప్పింది. మేడమ్ నవ్వలేదు. విప్పమన్నారు.

మొదటి స్క్రూ వచ్చింది. రెండోది మొండికేసి, నా చొక్కా తడిశాక కదిలింది. చెక్క ఊడితే కింద నల్లటి జిడ్డు. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే ఒట్టి ఇనుము. భాయ్ తలెత్తి ఫ్యాను చూస్తున్నారు. కొండయ్య మామ కోడలి కొంగు పట్టుకుని ఉన్నాడు, ఆ సంగతి ఆయనకు తెలియదనుకుంటాను. బలపం పొడి చల్లి వేలితో రుద్దాను. ఒక అంకె లేచింది. పక్కన ఇంకోటి. మేడమ్ వంగి ఒక్కొక్కటీ పైకి చదివారు, ఎస్సై గారు లైసెన్సులో సరిచూశారు. చివరి అంకె కుదిరాక ఓబులమ్మ గోడకానుకుని కింద కూర్చుంది.

“మీ చింతపండు ఇక్కడిదాకా రాలేదమ్మా,” అన్నారు మేడమ్. ఆ రోజు ఆమె వేసిన జోకు అదొక్కటే. నాకు కొంచెం అసూయ కలిగింది.

బయటి నంబరు అరిగింది, లోపలిది సరిపోయింది, అనుమతితో మళ్ళీ ముద్రించాలి అని ఆమె రాసుకున్నారు. తుపాకిని చూడకుండా రసీదు ఇచ్చినందుకు భాయ్‌కి మెమో ఇచ్చారు. ఎన్నికలైపోయి మిగతా తుపాకులన్నీ ఇళ్ళకు పోయినా, అనుమతి వచ్చేదాకా కొండయ్య మామది మా దగ్గరే ఉంది. ఆ ఏడు కంది చేనుకు డబ్బా కొట్టుకుంటూ కాపలా కాశాడు. తర్వాతి దసరాకు ఓబులమ్మ కొత్తగా కొట్టిన నంబరు మీద గుడ్డ చుట్టి, దానికి దూరంగా బొట్టు పెట్టిందట. నాకు వేరుశనక్కాయలు పంపింది, మట్టి లేకుండా కడిగి.

ఈ వ్యవహారంలో నేర్చుకున్నవి రెండు. లోపమున్న వస్తువు తనిఖీ బల్ల మీద మొదట ఉండాలి, దాని సంగతి అధికారి అడిగేలోపే చెప్పాలి. నంబరును కాగితం మీద కాకుండా ఇనుము మీద చదవాలి. ఈ రెండో మాటను భాయ్ ఒక పలక మీద రాయించి కౌంటరు వెనక తగిలించారు. రాసింది నేనే. బలపంతో కాదు, పెయింటుతో. ఎవరైనా తోముతారేమోనని.