కాల్చిన తంబాకు, కోడలి కొంగు

“అన్నీ పీకి పారెయ్యే. కట్టుడు పండ్లు పెట్టు. నీకు తిప్పల తప్పుతది, నాకు తిప్పల తప్పుతది.”

“పీకనవ్వా. ఎన్నిసార్లు చెప్పాలె? అవి ఇంక ఆగుతయి.”

“పన్ను పీకని పండ్ల డాక్టరు ఎక్కడన్న ఉంటదా? అన్నేండ్లు పట్నంల కూసొని ఏం సదివినవే మరి?”

“ఊడకుంట ఆపుడు సదివిన. నోరు తెరువు. కొట్లాటకు కాదు, చూసెటందుకు.”

“నేను నోరు తెరిస్తే నువ్వు నిలువలేవు పోరీ.”

మొన్న ఆదివారం పగటిపూట ఎల్లారెడ్డిలో మా ఇంట్లో జరిగిన కొట్లాట ఇది. ఆ పిల్ల నా కొడుకు బిడ్డ, కామారెడ్డిలో చిగుళ్ళ డాక్టరు. ఆదివారం వచ్చిందంటే బస్సెక్కి వచ్చి నా నోటి మీద పడుతది. నేనూ తగ్గే మనిషిని కాను. ఎప్పుడూ ఇంతదాక వచ్చి ఆగేది, మొన్న మాత్రం ఆ పిల్ల ఆగలేదు.

“నీ పండ్ల కోసమే అయితే ఇంత మొత్తుకోకపోదును. నువ్వు నా దవఖాన కుర్చీల కూసోనిదే అమ్మ కూసోదు. నీ మొండితనానికి అమ్మ పండ్లు గూడ పోవాల్నా?”

నాకు తికమక అయ్యింది. నా పండ్లకూ కోడలి పండ్లకూ సంబంధమేందో అర్థం కాక వంటింటి దిక్కు చూసిన. కోడలు బియ్యం ఏరుకుంట వినీ విననట్టే ఉన్నది. ఏమే నిజమేనా అని అడిగితే తల ఎత్తకుండనే, “మీది అయినంక చూపించుకుంట అత్తమ్మా” అన్నది.

నా ఈడు వాళ్ళకు ఇది విప్పి చెప్పే పని లేదు. అత్త తిననిదే కోడలు తినని కాలం మనది. మా అత్త బస్సు ఎక్కినంకనే నేను ఎక్కేదాన్ని, ఆమెకు జ్వరం తగ్గినంకనే నా జ్వరం సంగతి చెప్పేదాన్ని. నా కోడలు కూడ అట్లనే నడుచుకుంటదని నేను పదిమందిలో గొప్పగ చెప్పుకున్న. కానీ ఆ మర్యాద నోట్లోదాక పోయిందని, రెండేండ్ల నుంచి కోడలికి చిగుళ్ళు వాచి రక్తం కారుతున్నదని, కింది వరుస కదులుతున్నదని, ఇంకో ఏడాది ఆగితే ఆ పండ్లను ఎవరూ ఆపలేరని మనుమరాలు చెప్పేదాక నాకు తెలియదు.

ఆ రాత్రి తెల్లారేదాక నాకు పాత సంగతులే మెదిలినయి.

నేను ఈ ఇంటికి వచ్చేనాటికి రెండో తరగతి చదువు, పది వేళ్ళు తప్ప నా దగ్గర ఏమీ లేవు. వచ్చిన వారానికే మా అత్త ఒళ్ళో చాట పెట్టింది. వాకిట్లో ఏడెనిమిదిమంది ఆడోళ్ళం వరుసగ కూసొని తునికాకు కత్తిరించుకుంట, తంబాకు పోసి బీడీలు చుట్టుకుంట, ఊరి ముచ్చట్లన్నీ అక్కడనే తెగ్గొట్టేది. ఆకు ముక్క వృథా అయితే మా అత్త కండ్లతోనే కొట్టేది. ఆ పొదుపు నాకూ పట్టింది, ఇప్పటికీ చిరిగిన చీరెను నాలుగు తీర్ల వాడనిది పారెయ్యను. చాటల అడుగుకు దిగిన తంబాకు నుసిని కూడ పారేసేవాళ్ళం కాదు. పెంక మీద నల్లగ మాడ్చి, దంచి, డబ్బాలో పోసి పండ్లకు పెట్టుకునేది. పన్ను సలిపినా, చిగురు వాచినా, రక్తం వచ్చినా ఒక చిటికెడు చిగురుకు అద్ది కూసుంటే కాసేపటికి మొద్దుబారేది, నాలుగు రోజులకు రక్తమూ ఆగేది. రక్తం వచ్చే దిక్కు వేపపుల్ల గూడ తగలనిచ్చేది కాదు, పుండును గెలకొద్దని మా అత్త మాట. ఆమె పోయినంక ఆ డబ్బా నా చేతికి వచ్చింది. వాడకట్టులో ఎవరికి పన్ను నొచ్చినా నా దగ్గరికే వచ్చేది. చిన్న డాక్టరమ్మ లెక్క ఉండేదాన్ని, అబద్ధమెందుకు, ఆ గౌరవం నాకు బాగుండేది.

కోడలు ఈ పిల్లను కడుపుల మోసేటప్పుడు ఆమె చిగుళ్ళు ఎర్రగ వాచినయి. నేనే డబ్బా తీసి, నా వేలితోనే పెట్టిన. రక్తం ఆగింది. పిల్ల పుట్టింది. పిల్ల బడికి పోయే నాటికి కోడలి పైవరుసల రెండు పండ్లు నొప్పి లేకుండనే కదిలి చేతికి వచ్చినయి. కాన్పు తిన్నదని అనుకున్నం. మా అత్తకు యాభై దాటకముందే బోసినోరు, అది వయసు తిన్నదని అనుకున్నం. ఎవరికీ నా డబ్బా మీద అనుమానం రాలేదు, నాకైతే అసలే రాలేదు.

ఈ పిల్ల చదువు సంగతి నాకు అప్పుడూ అర్థం కాలేదు. పండ్ల చదువు అయిపోయిందని వాడకట్టంత చెప్పుకున్నంక, ఇంకో మూడేండ్లు ఒట్టి చిగుళ్ళ గురించే చదువుత అని మళ్ళ పట్నం పోయింది. కామారెడ్డిలో దవఖాన గది పెట్టినంక మా పక్కింటి పెద్దమనిషిని నేనే తోలిచ్చిన, కదిలే పన్ను పీకిచ్చుకొమ్మని. ఆయన పన్ను నోట్లనే పెట్టుకొని, చేతిల ఒక బ్రష్షు పట్టుకొని తిరిగొచ్చిండు. “ఏం పిల్లనమ్మా, పీకుమంటే తోముడు నేర్పి తోలింది” అని నా ముందట నవ్విండు. నాకు తల కొట్టేసినట్టయ్యింది. పీకిచ్చుకునేందుకు వచ్చినోళ్ళు పీకేటాయన దగ్గరికే పోతుంటే, మొదటి ఏడాది ఆమె కుర్చీల ఆమెనే కూసొని పుస్తకం చదివిన రోజులు శానా ఉన్నయట. ఆ పెద్దమనిషి మాత్రం నాలుగైదు మార్లు మళ్ళ మళ్ళ పోయి, నిరుడు అదే పన్నుతో మక్కకంకి కొరికిండు. అది నాకు చూపించుకుంటనే కొరికిండు.

పోయిన నెల కామారెడ్డిలో పని ఉండి పోతే, కూసో అవ్వా ఒక్కసారి అని ఒట్టిగ చూస్తనన్నది. కొసకు గీతలున్న సన్నని సలాక చిగురు పక్కన దించి, మూడు, ఆరు, ఏడు, అయిదు అని చెప్తుంటే పక్కన నర్సు రాసుకున్నది. ఇంత చదివిన పిల్లకు ఏడు దాటి లెక్క రాదా, ఉన్న పండ్లు సరిగ్గ లెక్కపెట్టరాదా అని అడిగిన. నర్సు మూతి అటు తిప్పుకున్నది. అది పండ్ల లెక్క కాదట, చిగురు పన్నును విడిచి ఎంత లోతు సంచి లెక్క అయ్యిందో దాని కొలతట. ఆ సంచిల పాచి గడ్డకట్టి, పన్ను నిలవడ్డ ఎముకను కరిగిస్తదట. పన్ను మాంసంల కాదు, ఎముకల నిలవడతదని ఇన్నేండ్లకు తెలిసింది. నొప్పే లేదు కద, నొప్పి లేని రోగమేందని అడిగితే, అదే దీని దొంగతనమన్నది. రక్తం వచ్చే దిక్కే మెత్తగ తోమాలన్నది. అంతా తిరగమరగ చెప్తున్నదని కోపమొచ్చి చీరె దులుపుకొని లేచి వచ్చిన.

తంబాకు సంగతి మాత్రం మొన్న కొట్లాటలనే బయటపడ్డది. తంబాకు రక్తాన్ని ఆపుతది గానీ రోగాన్ని ఆపదట. రక్తం కనపడకుంటే తగ్గిందనుకుంటరు, లోపల ఎముక పోతనే ఉంటదట. నేను ఊకోలేక, “మా అత్త పెట్టింది, నేను పెట్టిన, ఎవరు సచ్చిండ్రే?” అన్న. ఆ పిల్ల గొంతు తగ్గించింది.

“ఎవరూ సావలే అవ్వా. అమ్మ నవ్వంగ కొంగు ఎందుకు అడ్డం పెట్టుకుంటది?”

“పద్ధతి గలది కాబట్టి. నోరు తెరిసి ఇకిలించదు.”

“పండ్లు లేక అవ్వా. నా చిన్నప్పటి నుంచి చూస్తున్న. చిగుళ్ళ చదువు దేనికి చదివిన్ననుకున్నవు?”

వంటింట్ల బియ్యం ఏరుతున్న చేతులు ఆగినయి. పెద్దోళ్ళ ముందట పండ్లు కనపడంగ నవ్వదు నా కోడలు అని పెండ్లిళ్ళల్ల, పేరంటాల్ల ఎంతమందికి చెప్పిన్నో. అన్నీ ఆమె పక్కన నిలవడి వింటుండంగనే చెప్పిన. ఆమె ఒక్కనాడూ కాదనలేదు. ఇక ఏది మంచో, ఏది చెడో, ఎవరి వేలు ఎవరి నోట్ల ఏం చేసిందో నాకు తెలియలేదు.

మరునాడు పొద్దుగాల తంబాకు డబ్బా బోర్లించి పెంటల కలిపిన. డబ్బా కడిగి మెంతులు పోసిన. కోడలిని తయారు గమ్మన్న. రాత్రి మా ఇంట్లనే ఆగిన మనుమరాలితోటి ముగ్గురం కామారెడ్డి బస్సెక్కినం. అక్కడ ముందు మీ అమ్మను కూసోబెట్టు అంటే కోడలు గోడకు ఆనుకొని కదలలేదు. ఇక నేనే కూసున్న. సూది ఇచ్చి చిగురు కింద గీకుతుంటే బొగ్గు పలుకుల లెక్క నల్లటివి తొట్టిల రాలినయి. నా తర్వాత కోడలు కూసున్నది.

తిరిగి బస్టాండుకు వచ్చినంక నీళ్ళు తాగబోతే మూతి మొద్దుబారి పక్కనుంచి కారి రైకంత తడిసింది. కోడలు నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకునే నవ్వింది. ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. ముందు నువ్వెక్కు అన్న. ఎక్కలేదు, నా కోసం ఆగింది. వెనుక జనం తోసుకుంటుంటే నేనే ఎక్కి, కిటికీ పక్క సీటు ఆమెకు విడిచిపెట్టి ఇవతల కూసున్న.