ఏటా పెట్టే నీలం చీర

మాది కొడవలూరు దగ్గర పల్లె. మహాలయ అమావాస్యకు పెద్దలకు పెట్టుకునేటప్పుడు మా ఇంట్లో తాతగారి చెల్లెలు రమణమ్మ పేరున కూడా ఒక చీర పెడతారు. ఆమె పెళ్ళి కాకముందే చనిపోయిందని చెప్పేవాళ్ళు. పోయినేడు నేను మా వంశవృక్షం రాయడానికి కూర్చున్నప్పుడు తాతగారి ట్రంకుపెట్టెలో ఆమె ఉత్తరం దొరికింది. విడవలూరు నుంచి రాసింది. "అన్నా, చర్చిలో మా పెళ్ళి జరిగింది" అని ఉంది.

"పోయినామె సంగతి ఇప్పుడెందుకు తవ్వతావు?" అని నాన్న విసుక్కున్నారు. నేను వినలేదు. ఆమె ఎప్పుడు పోయిందో తెలుసుకోవాల్సిందేనని మూడుసార్లు విడవలూరు వెళ్ళాను. మూడోసారి అక్కడి పాస్టరుగారు ఒక ఇల్లు చూపించారు.

వసారాలో ఒక ముసలామె చింతపండు గింజలు తీస్తోంది. నేను నోటుపుస్తకం తెరిచి, "అవ్వా, రమణమ్మగారు ఏ సంవత్సరంలో చనిపోయినారు?" అని అడిగాను.

ఆమె తలెత్తింది. "నేను పోయినానని నీకెవరు చెప్పినారు?"

నోటుపుస్తకం గబుక్కున మూసేశాను. నేనెవరో చెప్పుకుని, ఆ కంగారులో చీర సంగతి కూడా అనేశాను. తిడుతుందనుకున్నాను.

"ఏం రంగు చీర?" అంది.

"నీలం. ఎప్పుడూ నీలమే కొనాలని తాత చెప్పిపోయినాడు."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నాకు నీలమంటే ఇష్టమని మా అన్నకు తెలుసు."

ఈ ఏడు ఆ చీరను పెద్దల పటాల ముందు పెట్టనివ్వలేదు. నాన్నను బస్సెక్కించి తీసుకెళ్ళి, ఆయన చేతే వాళ్ళ మేనత్తకు ఇప్పించాను. వంశవృక్షంలో ఆమె పేరు పక్కన తేదీ కోసం వదిలిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ తేదీ కోసమే నేను అన్నిసార్లు తిరిగాను. ఇప్పుడు మాత్రం ఆ చోటు ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటే అంత మంచిది.