సంగటి మెకానిక్

గ్యాసు పొయ్యి బాగుచేయడానికి ముత్తప్ప వచ్చాడంటే ఇంటిల్లిపాదీ వీధిలో నిలబడాల్సిందే. ఆయన మాత్రం వంటింట్లో వాళ్ల రాగిపిండితోనే సంగటి కెలికి, వాళ్ల ఊరగాయే నంజుకుని, తీరిగ్గా తింటాడు. హోసూరు మొత్తంలో ఇలాంటి మెకానిక్కు ఇంకొకడు లేడు. ఉంటే ఊళ్లో రాగులు మిగలవు.

ఈ మాట ఆ వీధిలో మొదట అన్నది చిన్నమ్మ. ‘సంగటి మెకానిక్’ అని పేరు తగిలించిందీ ఆవిడే. కట్టుకున్న రామచంద్రప్పకే ‘నిదర మూట’ అని పేరు పెట్టిన మనిషి, పొయ్యి బాగుచేసేవాణ్ణి వదులుతుందా?

ముత్తప్ప రాక ఒక పూజా విధానంలా సాగేది. గడపలోనే ఆగి, చొక్కా జేబుకు తగిలించుకున్న కార్డు తీసి చేతికిచ్చేవాడు. గ్యాసు పని నేర్పించి ఏజెన్సీ వాళ్లిచ్చిన కార్డు అది.

“చదువమ్మా.”

“నిన్ను ఎరగమా ఏందప్పా? రా లోపలికి.”

“చదవాల్సిందే. నేర్చుకోనోన్ని పొయ్యి కాడికి రానీయకూడదు. నేనైనా సరే.”

చిన్నమ్మ కార్డును తలకిందులుగా పట్టుకుని, నాలుగుసార్లు పెదాలు కదిపి ఇచ్చేసేది.

కార్డు తర్వాత ముక్కు. వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్కసారి గట్టిగా పీల్చేవాడు. “నిన్న గోంగూర నూరినారా? ఆవాలు మాడినాయి” అనేవాడు. గ్యాసు లీకు సంగతి ఎట్లా ఉన్నా ఇంటి గుట్టు మాత్రం బయటపడేది. ఒకసారి రామచంద్రప్ప పక్కకు జరిగి, “అన్నా, బీడీ వాసన వచ్చినా బయటికి అనొద్దు. మానేసినానని మా ఇంటామెకు చెప్పినాను” అని గుసగుసగా బతిమాలాడు. ఆ గుసగుస చిన్నమ్మ చెవిన పడనే పడింది. ఆ పూట రామచంద్రప్పకు అన్నం బాగా ఆలస్యమైంది.

తర్వాత అసలు పని. ట్యూబు, రెగ్యులేటరు, బర్నరు విప్పి చూసి, బిగించి, సబ్బు నురగ పూసి, బుడగ రాలేదని తేల్చుకున్నాక చేతులు కడుక్కునేవాడు.

“ఇంక అందరూ బయటికి పదండి.”

“ఏమిటికప్పా?”

“సంగటి చేసుకోవాల.”

అంతే. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ చూస్తున్న సీరియలుతో సహా అన్నీ ఎక్కడివక్కడ వదిలేసి వీధిన పడేవాళ్లు. దారినపోయే మంజు ఆగి, “ఏమక్కా, ఇల్లు ఖాళీ చేస్తా ఉండారా?” అని అడిగేది. “లేదమ్మా, సంగటి మెకానిక్ వచ్చినాడు” అనేది చిన్నమ్మ. లోపల తెడ్డు దబదబా తిరుగుతున్న చప్పుడు రోడ్డు దాకా వినిపించేది. చాలాసేపటికి ముత్తప్ప మూతి తుడుచుకుంటూ గడపలోకి వచ్చి, “పొయ్యి బాగుండాది. ఊరగాయలోనే ఉప్పు తక్కువ” అని తీర్పు చెప్పేవాడు.

చిన్నమ్మ ఊరికే ఉండే రకమా! ముత్తప్ప వస్తున్నాడని తెలియగానే నెయ్యి గిన్నెకు మూత బిగించి, బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టి, పైన బియ్యం సదిరేసేది. “పిండి పోతే పోయింది, నెయ్యి కూడానా?” అనేది. ముత్తప్ప ఏనాడూ నెయ్యి అడగలేదు. పిచ్చి మారాజు, వాసన పట్టలేకపోయాడని ఆవిడ తెగ మురిసిపోయేది.

ఇట్లా నవ్వుకుంటూ ఏళ్లు గడిచాయి. నవ్వుతోనే ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఒక ఎండాకాలం అత్తిముగం నుంచి చిన్నమ్మ ఆడబిడ్డ కుటుంబంతో దిగింది. అప్పుడే లోపల సంగటి ఉడుకుతోంది. చుట్టాలు ఎండలో, మెకానిక్కు నీడలో! చిన్నమ్మకు ఒళ్లు మండింది. విసవిసా వంటింట్లోకి పోయింది.

“రిపేరీకి వచ్చినావా, విందుకు వచ్చినావా? మీ ఇంట్లో పెండ్లాం కూడు పెట్టదా?”

ముత్తప్ప తట్టలో సంగటి ఇంకా సగం ఉంది. ఆయన లేచి, తట్ట కడిగి బోర్లించి, సంచీ భుజాన వేసుకున్నాడు. గడప దగ్గర మాత్రం, “పొయ్యి బాగుండాదమ్మా” అని మెల్లగా అన్నాడు. ఊరగాయ మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఆ వీధికే రాలేదు. చిన్నమ్మ ఆ సాయంత్రమే ఈ కథను నాలుగిళ్లలో నవ్వించి చెప్పింది. ఇప్పుడు అది గుర్తొస్తే తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది ఆవిడకు.

ఎందుకంటే ఈమధ్య పొయ్యి మళ్లీ మొరాయించింది. అదే సమయానికి బండికి మైకు కట్టుకుని ఒకడు వీధిలోకి వచ్చాడు. “మిక్సీ, కుక్కరు, ఫ్యాను, గ్యాసు పొయ్యి... ఇంటి కాడనే రిపేరీ!” చిన్నమ్మ వాణ్ణి కార్డు అడగలేదు. అడిగిన ప్రశ్న ఒక్కటే.

“సంగటి తింటావా?”

“వద్దక్కా, ఈ పొద్దు ఉపాసం.”

“మెకానిక్కంటే వీడు!” అని చిన్నమ్మ పొంగిపోయింది. వాడు ట్యూబుకు ఏదో మైనం మెత్తి, పొయ్యిని రెండు తట్టి, నీళ్లు తాగినంత సేపట్లో పని ముగించి పోయాడు.

మరునాడు పొద్దున పాలు కాచడానికి కొత్త కోడలు చైత్ర పొయ్యి వెలిగించింది. భగ్గుమంది. నిద్రలో ఉన్న రామచంద్రప్ప ఎట్లా లేచాడో, ఎట్లా దూకాడో, సిలిండరు కట్టేశాడు. దేవుడి దయవల్ల చైత్రకు పోయింది ఎడమ కనుబొమ్మ ఒక్కటే. చిన్నమ్మ ఆనాటి నుంచి మొగుణ్ణి నిదర మూట అనడం మానేసింది.

చైత్ర రోజూ పెన్సిలుతో కనుబొమ్మ గీసుకునేది. “అత్తా, రెండూ సమంగా ఉండాయా?” అని అడిగేది. “ఉండాయి తల్లీ” అనేది చిన్నమ్మ. ఉండేవి కావు. ఒకనాడు ఆ ముఖం ఆశ్చర్యపోయినట్టు, ఒకనాడు కోపంగా ఉన్నట్టు కనిపించేది. ఎట్లా కనిపించినా చిన్నమ్మ గుండె కలుక్కుమనేది. పరాయి ఇంటి పిల్లను తెచ్చుకుని మంట ముందు నిలబెట్టానే అని కుమిలిపోయేది.

సిలిండరును పెరట్లో పెట్టించింది. ముత్తప్ప వచ్చి చూసేదాకా ఇంట్లో గ్యాసు వెలగకూడదంది. కానీ ఆయన హోసూరు వదిలి, భార్య పుట్టిన ఊరు మత్తూరుకు వెళ్లిపోయాడట. ఫోనులో అడిగే మాట కాదని చిన్నమ్మ బస్సెక్కింది. కృష్ణగిరి బస్టాండులో దిగి, ఒక్కొక్క పండూ వాసన చూసి మామిడిపండ్లు కొని, మత్తూరు బస్సు పట్టుకుంది. దారి పొడుగునా బస్సంతా ఆ పండ్లే ఘుమఘుమలాడాయి.

ముత్తప్ప వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. “రామ్మా, బాగుండావా?” అన్నాడు, ఏమీ జరగనట్టు. చిన్నమ్మ మామిడిపండ్ల సంచీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఒక పండు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపు అట్లాగే ఉండి, దించేశాడు.

“ఏం జాతి పండమ్మా ఇది?”

చిన్నమ్మ బిత్తరపోయింది. లోపలి నుంచి ఆయన భార్య లక్ష్మక్క నీళ్ల చెంబుతో వచ్చింది.

“పోయినేడు జొరమొచ్చినాక వాసన పోయిందమ్మా ఈయనకు. ఇప్పుడు ఏం పెట్టినా మాట్లాడకుండా తింటాడు.”

“ముక్కు లేనోడు గ్యాసు ముట్టకూడదు. కార్డు ఏజెన్సీలో ఇచ్చేసినాను” అన్నాడు ముత్తప్ప, ఖాళీ జేబు తడుముకుంటూ.

చిన్నమ్మకు దుఃఖం ఆగలేదు. “పాపిష్టిదాన్నప్పా. ఆ పొద్దు సగం సంగటి మీద నిన్ను లేపేసినాను.”

“సంగటా?” అంది లక్ష్మక్క. “ఈయనా? మా ఇంట్లో సంగటి వండితే లేచి పక్కింటికి పోతాడు గదమ్మా! చిన్నప్పటి నుంచీ పడదు.”

“సుమ్మనుండవే, ఆ మాటలెందుకు ఇప్పుడు” అన్నాడు ముత్తప్ప.

“ఏమిటికి సుమ్మనుండాల? కాఫీ అయితే పొంగినంతనే దించేస్తారు. సంగటైతే మంట శానాసేపు ఉండాల, తెడ్డు తిప్పేకొద్దీ పొయ్యి కదలాల. యాడన్నా లోపముంటే అప్పుడు బయటపడుతుందంట. పడితే నా మీద పడనీ, ఇంకొకరి ఆలుబిడ్డల మీద ఏమిటికి అంటాడు. వండినాక పారేస్తే ఇంటమ్మ మనసు నొచ్చుకుంటుందని, కండ్లు మూసుకోని తిని వచ్చేవాడు.”

చిన్నమ్మ అట్లాగే కూలబడింది. ఎన్నిసార్లు వీధిలో నిలబడి తిట్టుకుంది! తమందరినీ మంటకు దూరంగా పంపి, తనొక్కడే దాని ముందు కూర్చున్న మనిషికి ఎట్లాంటి పేరు పెట్టింది! ఆ ముక్కు పోకముందే ఒక్కసారైనా మంచి మాట అని ఉంటే ఏం పోయేది?

“పొయ్యికి ఎవర్ని పిలవాలప్పా ఇప్పుడు?” అంది చివరికి.

“ప్రవీణ ఉండాది. నా కాడ పని నేర్చుకోని, పరీక్ష రాసి కార్డు తెచ్చుకున్యాది. నాకంటే నిదానస్తురాలు.”

“మరి సంగటి?”

ముత్తప్ప మొదటిసారి నవ్వాడు. “దానికి నేనొస్తాలే. వాసన ప్రవీణ చూస్తాది, తెడ్డు నేను తిప్పుతా.”

అన్నట్టే ఇద్దరూ వచ్చారు. గడపలో ప్రవీణ కార్డు చాచింది. చిన్నమ్మ కళ్లజోడు తెచ్చుకుని, పేరు మొదలు ఏజెన్సీ ఫోను నంబరు దాకా పైకి చదివింది. ప్రవీణ సిగ్గుతో నేల చూసింది, ముత్తప్ప మాత్రం తలూపుతూ విన్నాడు. మైనం మెత్తిన ట్యూబు చెత్తలోకి పోయింది, కొత్తది బిగిసింది. సబ్బు నురగలో బుడగ లేదు, ప్రవీణ ముక్కుకు వాసన లేదు. “ఇంక అందరూ...” అని ముత్తప్ప నోరు తెరిచేసరికే చిన్నమ్మ కోడల్ని, మొగుణ్ణి తోలుకుని వీధిలో ఉంది.

“ఇల్లు ఖాళీ చేస్తా ఉండారా అక్కా?” అంది మంజు.

“మా మెకానిక్కు వచ్చినాడమ్మా” అంది చిన్నమ్మ. సంగటి మాట నోట రాలేదు.

లోపల తెడ్డు చప్పుడు మొదలైంది. దబదబా వినిపిస్తున్నంతసేపూ చిన్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది. చప్పుడు ఆగింది. తట్ట తీసిన శబ్దం వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది చిన్నమ్మకు. పొద్దున ముత్తప్ప వస్తున్నాడని తెలియగానే, ఎంత పశ్చాత్తాపం ఉంటే ఏం, పాత అలవాటు చొప్పున చెయ్యి తన పని తాను చేసేసింది!

“ముత్తప్పా!” వీధంతా అదిరేలా అరిచింది. “నెయ్యి బియ్యం డబ్బాలో ఉండాది! తీసి బాగా ఏసుకో!”

లోపల డబ్బా మూత తీసిన చప్పుడైంది. తర్వాత ముత్తప్ప గొంతు తాపీగా వచ్చింది.

“ఇంకా ఆడనే పూడ్చిపెడతా ఉండావామ్మా?”