వదిన మొదటి సంతకం

మా వదిన చేతుల గురించి విమానాలు బాగుచేసే మా హాంగర్‌లో అందరూ చెప్పుకుంటారు. నట్టు సరిగ్గా బిగిసిందో లేదో రెంచి చెప్పకముందే ఆవిడ వేళ్ళకు తెలుస్తుంది. అలాంటి మనిషి పదిహేడేళ్ళు విమానాల కింద దూరి పనిచేసినా, చివర్న సంతకం మాత్రం ఇంకొకరిది. లైసెన్సు లేనివాళ్ళు పని చేయవచ్చు గానీ, "ఈ విమానం ఎగరవచ్చు" అని సంతకం పెట్టకూడదు.

నేను అదే హాంగర్‌లో మాన్యువళ్ళ గది చూసుకుంటాను. ఏ భాగం ఎలా విప్పాలో, ఎంత బిగించాలో చెప్పే పుస్తకాలవి. కంపెనీ మార్చిన పేజీలు పంపినప్పుడల్లా పాతవి తీసేసి కొత్తవి పెట్టాలి. పని చిన్నదే. నోరే పెద్దది నాకు.

నిరుడు లైసెన్సు ప్రాక్టికల్లో వదిన తప్పింది. విమానం చక్రం బిగించమంటే ఆడుతూ పాడుతూ బిగించేసింది. ఒక్క పొరపాటు లేదు. పుస్తకం తెరవలేదని పరీక్షాధికారి తప్పించాడు! మంచినీళ్ళు తాగడానికి కూడా పుస్తకం చూడమంటాడేమో ఈ మహానుభావుడు అని ఏడాదంతా ఆయన్ని తిట్టిపోశాను.

ఈసారి కూడా తప్పితే మూడేళ్ళ దాకా మళ్ళీ కూర్చోనివ్వరు. పరీక్ష రోజు ఉదయం "ఏం వదినా, గుండె దడదడలాడుతోందా?" అన్నాను.

"నాది బాగానే ఉంది. నీ మొహం చూసుకో, పరీక్ష నీకైనట్టుంది" అంది బూట్ల లేసులు కట్టుకుంటూ.

పరీక్ష మా హాంగర్‌లోనే. అదే చక్రం, అదే అధికారి, గంట సమయం. మాన్యువల్ నేనే మోసుకెళ్ళి ఇచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. వదిన ఒక్కో వాక్యం వేలు పెట్టి చదువుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తెలిసిన పనే కదా, బిగించి పారేయక! ఇంతలో పేజీ అడుగున ఉన్న తేదీ చూసి, లేచి వెళ్ళి, ఏ పేజీ ఏ తేదీదో చెబుతూ కంపెనీ పంపగా గోడకు అంటించిన జాబితాతో పోల్చుకుంది.

"సార్, ఈ పేజీ పాతది. దీని బదులు కొత్తది వచ్చినట్టు ఇక్కడుంది. అది ఇస్తేనే బిగిస్తాను."

"గడియారం ఆగదమ్మా" అన్నాడాయన.

"ఆపక్కర్లేదండీ."

ఆ కొత్త పేజీ పది రోజులుగా నా బల్ల సొరుగులో, విప్పని కవర్లో పడి ఉంది. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అనుకుంటూ నాన్చాను. మాకు అందనే లేదని చెప్తే నేను బతికిపోతాను, వదిన మునిగిపోతుంది. పరుగెత్తుకెళ్ళి కవరు తెచ్చి అందరి ముందూ చింపాను.

"తప్పు నాదే సార్. పది రోజుల కిందటే వచ్చింది. నేనే పెట్టలేదు."

కొత్త పేజీలో బిగింపు బాగా తగ్గించారు. పాత లెక్కన బిగిస్తే బేరింగు నలిగి, విమానం పరుగులో ఉండగా చక్రం తిరగకుండా పట్టేయవచ్చట. వదినకు పదిహేడేళ్ళుగా కంఠతా వచ్చింది ఆ పాత లెక్కే. నిరుడు ఆయన ఎందుకు తప్పించాడో అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

నాలుగు నిమిషాలు మిగిలుండగా వదిన పని ముగించింది. పాసైంది.

లైసెన్సు చేతికొచ్చిన వారమే నా మీద విచారణ. "పేజీ సకాలంలో మార్చకపోవడం నిజమే" అన్న వాక్యం కింద సాక్షిగా వదిన సంతకం అడిగారు, లైసెన్సు నంబరుతో సహా. ఆవిడ రెండుసార్లు చదివి పెట్టేసింది. నాకు మెమో వచ్చింది.

సాయంత్రం ఇంట్లో అన్నయ్య మండిపడ్డాడు. "లైసెన్సు వచ్చాక మొదటి సంతకం సొంత మరిది మీదా? కాస్త అటూ ఇటూగా చెప్పుంటే ఏం కొంపలు మునిగేవి?"

వదిన కంచంలోంచి తలెత్తింది. "రేపు విమానం మీద పెట్టేదీ ఈ సంతకమే కదండీ. ఇక్కడ అబద్ధమైతే అక్కడ నిజమెలా అవుతుంది?"

నాకు కోపం రావాలి, రాలేదు. గర్వంగా అనిపించింది. మెమో జేబులో పెట్టుకుని గర్వపడే వెధవను లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆవిడ సరేనన్న విమానమైతే, నా పిల్లలిద్దర్నీ ఎక్కించి నిశ్చింతగా ఇంటికొస్తాను.