ఎంక్వయిరీ కౌంటర్ దగ్గర దొరికిన గొంతు

ఇంట్లో నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. ఇంటర్వ్యూ గదిలో కుర్చీలో కూర్చోగానే మాత్రం గొంతు కడుపులోకి జారిపోయేది. వీధికో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసి, చదువుకున్న వాళ్లందరికీ సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టిన రోజులవి. బేగంపేటలో రెండు కంపెనీలు నన్ను పిలిచాయి. రెండుచోట్లా అడిగేవాళ్లు ముందుకు వంగి, చెవి ఇటు పెట్టి, "పార్డన్?" అన్నారు. దాంతో ఉన్న కాస్త గొంతూ పోయింది. మూడో పిలుపు వచ్చినప్పుడు, ఇది కూడా పోతే బి.ఎడ్.లో చేరిపొమ్మని నాన్న తేల్చి చెప్పేశాడు.

"ఇంట్లో ఇంత నోరేసుకుని పడిపోతావు, అక్కడేటైపోద్దే నీకు?" అని అమ్మ తల పట్టుకుంది. మేం శ్రీకాకుళం నుంచి వచ్చి తిరుమలగిరిలో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్లం. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు ఆంటీ సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంక్వయిరీ కౌంటర్లో పనిచేసేది. అమ్మ మాటలు మెట్ల మీదుగా ఆవిడ దాకా దిగినట్టున్నాయి. మర్నాడు డ్యూటీకి పోతూ నన్ను కేకేసింది.

"అద్దం ముంగట నిలవడి ఎన్ని దినాలు మాట్లాడ్తవ్ బిడ్డా? నాతోని స్టేషన్‌కు రా. లైన్ల ఎనక నిలవడి, ఏ రైలు యాడుందని అడిగెటోళ్లకు చెప్పు."

నా చదువేమిటి, ఈ పనేమిటి అని లోపల మండింది. అయినా వెళ్లాను. బి.ఎడ్. భయం అలాంటిది.

కౌంటర్ పక్కన బోర్డు మీద ఏ రైలు ఏ ప్లాట్‌ఫారమో రాసే ఉండేది. దాన్ని ఎవరూ చదవరు. కంగారులో ఉన్నవాళ్లకు మనిషి చెప్పాలి. నెత్తిమీద ట్రంకుపెట్టెతో వచ్చిన ఒకాయన కాజీపేట రైలెక్కడని అడిగాడు. చెప్పాను. వినపడలేదు.

"జెర గట్టిగ చెప్పమ్మా, రైలు పోతది."

ఆయన మొహం చూశాక నా భయం సంగతే మరిచిపోయాను. ప్లాట్‌ఫారం నంబరు అరిచి చెప్పాను. ఆయన పెట్టె పట్టుకుని అటే పరుగెత్తాడు. నా మాట నమ్మి ఒక మనిషి పరుగెత్తడం అదే మొదటిసారి, ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

ఒకావిడ అడిగినదానికి జవాబు తెలియక నీళ్లు నమిలాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో అన్నం నాకూ పెడుతూ ఆంటీ అంది: "తెల్వకుంటే తెల్వదను. కనుక్కొని చెప్త అను. గింత దానికి పరేషాన్ ఎందుకు?"

ఆ వారమంతా ఆవిడతో బస్సెక్కాను. తెలుగు, హిందీ, వచ్చీరాని ఇంగ్లీషు, నోటికి ఏది వస్తే అది మాట్లాడాను.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. పాపం, వీళ్లకూ ఏదో తెలుసుకోవాల్సిన అవసరం ఉన్నట్టుంది అనుకున్నాను. గొంతు దానంతటదే లేచింది. ఒక ప్రశ్నకు తెలియదనీ, కనుక్కుని చెప్తాననీ అన్నాను. పెద్దాయన నవ్వి ఏదో రాసుకున్నాడు. పార్డన్ అని ఎవరూ అనలేదు.

తర్వాతి ఏళ్లలో ఎన్నెన్నో మీటింగుల్లో మాట్లాడాను. ప్రతిసారీ ఆంటీకి మనసులో దండం పెట్టుకునే నోరు తెరిచాను.

ఆ ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఇంట్లో చెప్పి నేరుగా స్టేషన్‌కి వెళ్లి లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. "ఆంటీ, ఉద్యోగం వచ్చింది" అనబోతే ఏడుపు అడ్డొచ్చి సగమే బయటికొచ్చింది. ఆవిడకు అర్థమైపోయిందని కళ్లే చెబుతున్నాయి. అయినా కౌంటర్ అద్దానికి చెవి ఆనించింది.

"వినవడ్తలేదు బిడ్డా. గట్టిగ చెప్పు."

లైనంతా తిరిగి చూసేలా చెప్పాను. ఆవిడ అద్దం అవతల కళ్లు తుడుచుకుంది.

"సంతోషమమ్మా" అన్నాడు నా వెనకాయన. "మరి విశాఖ రైలు ఏ ప్లాట్‌ఫారం?"

బోర్డు చూసి ఆయనకూ గట్టిగా చెప్పాను.