మామగారి హారన్

పెళ్లిచూపులకు వెళ్లిన ఇంట్లో, ఇచ్చిన కాఫీ చల్లారకముందే, కాబోయే మామగారి చేతిలో కారు పందెం ఓడిపోయిన పెళ్లికొడుకును బహుశా నేనొక్కణ్నే. గెలుపు గీత కనిపిస్తూ ఉండగా నా కారు రోడ్డు మీంచి పక్కకు తప్పుకుని, సోఫా దాటి, తివాచీ మీద వెల్లకిలా పడింది. (టీవీలో లెండి. అసలు సోఫాలో మా బాబాయి కూర్చుని ఉన్నాడు.)

ఆ రోజుల్లో నా మీద నాకు ఉన్నంత నమ్మకం ఇంకెవరికీ ఉండేది కాదు. రాజమండ్రిలో పత్రిక ఉద్యోగం, వారం వారం మోటారు పేజీకి కొత్త కార్ల గురించి రాసేవాణ్ని. ‘మలుపుల్లో పట్టు అమోఘం’ అని నేను మెచ్చుకున్న కార్లలో సగం షోరూము వాకిట్లో నిలబడి చూసినవే. పెనుగొండ సంబంధం వచ్చినప్పుడు బాబాయి ఆ పేజీనే ముందుకు తోశాడు. “కార్ల విషయంలో మావాడి తర్వాతేనండి ఎవరైనా!”

“అయితే ఒక ఆట వేద్దామా బాబూ?” అన్నారు అమ్మాయి నాన్నగారు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. అమ్మాయి ఉద్యోగంలో చేరాక కొనుక్కున్న వీడియో గేము అది. పిల్లలాడుకునే అగ్గిపెట్టంత బొమ్మకార్లు, నారింజరంగు ప్లాస్టిక్ రోడ్డు మీద, ఇంటి సామాన్ల మధ్య గాల్లో పరుగెడతాయి. ఆట మీటలు నా చేతికిస్తూ, “మోటారు పేజీ నేనూ చదువుతానండి” అంది అమ్మాయి. ఆమె ఔననడం, కాదనడం ఇక ఈ పందెంలోనే ఉందని నాకు అర్థమైపోయింది.

అయినా ఆఖరి చుట్టులో నేనే ముందున్నాను. అప్పుడు ఆ పెద్దాయన పాత అలవాటు కొద్దీ నోటితోనే “ప్పాం... ప్పాం...” అని హారన్ కొట్టారు. నేను కాలవగట్టు మీద బండి నేర్చుకున్నవాణ్ని. వెనక బస్సు హారన్ వినిపిస్తే మా వైపు ఎవరూ ఆలోచించరు, చెయ్యి దానంతటదే ఎడమకు తిరిగి బండిని మట్టి మార్జిన్‌లోకి దింపేస్తుంది. నా చెయ్యీ తిరిగింది. ఆ ప్లాస్టిక్ రోడ్డుకి మార్జిన్ లేదు.

“ఏంటిరా అబ్బాయ్ ఇది!” అని బాబాయి పళ్ల బిగువున అన్నాడు.

“పెద్దవారు కదా బాబాయ్, దారిచ్చాను” అన్నాను, వీలైనంత వినయంగా.

“దారిచ్చారా అండీ, పడిపోయారా?” అంది అమ్మాయి.

“ఏదైతేనేంటమ్మా, బస్సు ముందుకెళ్లింది కదా!” అన్నారు ఆయన, కాఫీ అందుకుంటూ.

మర్నాడు వాళ్లకు ఇష్టమేనని కబురొచ్చింది. మర్యాదకే ఓడిపోయానని మా వీధి వీధంతా చెప్పుకుని తిరిగాను. మామగారితో ఇప్పటికీ పండగకీ పబ్బానికీ ఆడుతూనే ఉన్నాను, ఆయన హారన్ కొట్టకపోయినా పడిపోతూనే ఉన్నాను. మోటారు పేజీ ఎప్పుడో వేరేవాళ్ల చేతికి వెళ్లింది. నేను దారిచ్చాననుకుని ఒప్పుకుందో, పడిపోయానని తెలిసే ఒప్పుకుందో, మా ఆవిడ మాత్రం ఇంతవరకు చెప్పలేదు.